గెలిచింది ఫ్రూమ్, జనం కళ్లు తుడుచుకుంది కాంటడోర్ కోసం. ఎందుకు?

అద్దెసైకిల్
రాత్రి నిద్ర పట్టక యూట్యూబ్‌లో తిరుగుతుంటే 2017 వుయెల్టా, అదే స్పెయిన్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు, వీడియో ఒకటి తగిలింది. అంగ్లిరు అనే కొండ. వాన, పొగమంచు, రోడ్డుకి రెండు పక్కలా గోడ కట్టినట్టు జనం. మధ్యలో ఒక బక్కపలచటి మనిషి సీటు మీంచి లేచి నిలబడి, సైకిల్‌ని అటూ ఇటూ ఊపుతూ డాన్సు చేస్తున్నట్టు తొక్కుకుంటూ పోతున్నాడు. గీత దాటగానే వేలితో తుపాకీ పేల్చినట్టు చూపించాడు. కామెంట్లు చదివితే పేరు ఆల్బెర్టో కాంటడోర్ అని, అదే ఆయన ఆఖరి రేసు అని తెలిసింది.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత చూస్తే ఆ వుయెల్టా గెలిచింది క్రిస్ ఫ్రూమ్. ఈయన ఐదోవాడు! ఇంకాస్త తవ్వితే డోపింగ్ కేసు, రెండేళ్ల నిషేధం, రెండు పెద్ద టైటిళ్లు లాగేసుకోవడం... మన దగ్గర క్రికెటర్ మీద ఇలాంటి మచ్చ పడితే ఇంటి మీద రాళ్లు పడతాయి. అక్కడేమో జనం ఏడుస్తున్నారు. ఏంటండీ ఈ కథ? నేను ఈ ఆటకి కొత్త, తెలిసినవాళ్లు చెప్పండి.

పంక్చర్‌షాపు
ఐదో స్థానానికి జేజేలా! మా నాన్నకి ఈ విషయం ముందే తెలిసుంటే నా చిన్నతనం వేరేలా ఉండేది.

లెక్కలసారు
ముందు లెక్క తేలుద్దాం, ఏడుపు సంగతి తర్వాత.

పుట్టింది 1982 డిసెంబరు 6, మాడ్రిడ్. పెరిగింది పక్కనే ఉన్న పింటోలో. 2003లో ప్రొఫెషనల్ అయ్యాడు. టూర్ డి ఫ్రాన్స్ 2007, 2009. ఇటలీ రేసు జిరో 2008, 2015. స్పెయిన్ రేసు వుయెల్టా 2008, 2012, 2014. మొత్తం ఏడు. మూడు దేశాల పెద్ద రేసులూ గెలిచినవాళ్లు అప్పటికి నలుగురే ఉన్నారు: ఆంకెటీల్, జిమోండి, మెర్క్స్, ఇనో. ఐదోవాడు ఇతను, అదీ 25 ఏళ్లకే. స్పెయిన్ నుంచి ఇతనే మొదటివాడు. ఐదు టూర్లు గెలిచిన ఇండురాయిన్‌కి కూడా సొంత దేశపు వుయెల్టా చిక్కలేదు.

ఇది పుస్తకం లెక్క. ఆయన లెక్క తొమ్మిది. లాగేసుకున్న 2010 టూర్, 2011 జిరో కూడా తనవేనంటాడు. 2015లో జిరో గెలిచి పోడియం ఎక్కినప్పుడు మూడు వేళ్లు చూపించాడు. పుస్తకంలో అది రెండోదే.

గెతాఫె_గోంగూర
సారూ, మీకో తమాషా చెప్పనా. నేను ఉండేది గెతాఫెలో, పింటోకి పక్క ఊరే. ఇక్కడ 'కాంటడోర్' అంటే లెక్కపెట్టేది అని అర్థం. కరెంటు మీటరు, నీళ్ల మీటరు, అన్నీ కాంటడోర్లే. వచ్చిన కొత్తలో మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఫలానా రోజు కాంటడోర్ చూడటానికి మనిషి వస్తాడని రాసి ఉంటే, సైకిల్ ఆయన వస్తున్నాడేమో అని చీర కట్టుకున్నాను. వచ్చింది నీళ్ల మీటరు రీడింగ్ అబ్బాయి.

అంచేత ఆయన తొమ్మిది, పుస్తకం ఏడు అన్న గొడవలో మీటరు ఎవరిది కరెక్టో నేను చెప్పలేను.

పంక్చర్‌షాపు
అక్కా 😂 ఆ అబ్బాయి ఏమనుకుని ఉంటాడో.

ఒప్పుకోను
జోకులు సరే, అసలు విషయం దాటేస్తున్నారు. 2010 టూర్‌లో విశ్రాంతి రోజున, జులై 21న, పో పట్టణంలో తీసిన శాంపిల్‌లో క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు దొరికింది. బీఫ్ వల్ల వచ్చిందన్నాడు. స్పెయిన్ ఫెడరేషన్ మొదట ఏడాది నిషేధం అని ప్రతిపాదించి, తర్వాత పూర్తిగా వదిలేసింది. మధ్యలో దేశ ప్రధాని సపతేరో స్వయంగా, శిక్షించడానికి చట్టపరంగా కారణం లేదని ట్విటర్‌లో చెప్పాడు! చివరికి 2012 ఫిబ్రవరి 6న స్విట్జర్లాండ్‌లోని క్రీడల కోర్టు రెండేళ్లు వేసింది. అలాంటివాడిని నెత్తిన పెట్టుకోవడం అభిమానం కాదు, మొండితనం.

లెక్కలసారు
నిజమే. కానీ పరిమాణం కూడా చెప్పాలిగా. దొరికింది మిల్లీలీటరుకు 50 పికోగ్రాములు. అంటే గ్రాముని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో యాభై. డోపింగ్ ల్యాబులు కనీసం పట్టుకోగలగాలి అని పెట్టిన ప్రమాణంలో నలభయ్యో వంతు. అయితే ఆ మందుకి 'ఇంతవరకు పర్లేదు' అనే గీత అప్పట్లో లేదు, ఉంటే తప్పే. కోర్టు బీఫ్ వాదన నమ్మలేదు. ఎదుటి పక్షం చేసిన రక్తమార్పిడి వాదనా నమ్మలేదు. కలుషితమైన సప్లిమెంటు వల్ల వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం అంది. కానీ ఒంట్లోకి ఎలా వచ్చిందో రుజువు చేసుకోవాల్సిన బాధ్యత రైడర్‌ది. ఆయన చేసుకోలేకపోయాడు. శిక్షని వెనక్కి జరిపి లెక్కేయడంతో 2012 ఆగస్టు 5కే గడువు అయిపోయింది. మధ్యలో గెలిచినవన్నీ పోయాయి.

నా మటుకు నాకు 'నిర్దోషి' అనడానికి నోరు రాదు, 'దొంగ' అనడానికీ రాదు.

ఒప్పుకోను
సారు ఎప్పుడూ త్రాసు మధ్యలోనే కూర్చుంటారు.

గెతాఫె_గోంగూర
ఇక్కడి మనుషుల సంగతి చెప్తాను, న్యాయం సంగతి నాకు తెలీదు. మా కింది ఇంట్లో ఒక పెద్దాయన ఉంటాడు, రిటైరైన బస్సు డ్రైవరు. జులైలో మధ్యాహ్నం భోజనం అయ్యాక టీవీలో టూర్ పెట్టుకుని సోఫాలో ఒరిగి కునుకు తీయడం ఇక్కడ చాలా ఇళ్లలో మామూలే. ఆయన మాత్రం కొండ దగ్గరికి రాగానే ఠక్కున లేస్తాడు. గడియారం కూడా చూడడు, ఎలా తెలుస్తుందో! ఒకసారి ఈ బీఫ్ సంగతి అడిగాను. "అమ్మాయీ, మనింటి పిల్లాడు తప్పు చేశాడని పక్కింటివాళ్లు గట్టిగా అరుస్తుంటే, తప్పా ఒప్పా అని ముందు చూస్తామా, తలుపేసుకుంటామా?" అన్నాడు. ఫ్రాన్సువాళ్లకి మనవాళ్లు గెలిస్తే కడుపుమంట అని ఆయన గట్టి నమ్మకం. నేను వాదించలేదు, ఆయన చేసే ఆమ్లెట్ బాగుంటుంది.

ఘాట్‌రోడ్డు
కేసు మీద కొట్టుకోవడం ఆపితే అసలు అద్దెసైకిల్ తమ్ముడి ప్రశ్నకి జవాబు చెప్తా. జవాబు పేరు ఫ్వెంతె దే.

2012 వుయెల్టా. నిషేధం ముగిసి నెల కూడా కాలేదు. కాళ్లలో రేసు లేదు. మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునే ఎర్ర జెర్సీ హోయకిమ్ రోడ్రిగెస్ మీద ఉంది, అందరూ 'పురీతో' అంటారు. మొదటి రెండు వారాలూ కాంటడోర్ కొండ దొరికితే చాలు దాడి చేశాడు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి విడిపోబోయాడు. ఒకటి కాదు, రెండు కాదు. ప్రతిసారీ పురీతో నీడలా వెనకే వచ్చి, చివరి 200 మీటర్లలో దాటేసి, ఇంకో నాలుగు సెకన్లు మిగుల్చుకుని పోయేవాడు. చూసేవాళ్లకే విసుగొచ్చింది. ఇక అయిపోయింది, రెండో స్థానం తీసుకుని ఇంటికి పోతాడు అనుకున్నాం. తేడా అరనిమిషం లోపే, కానీ ఆ అరనిమిషం ఎవరెస్టులా కనపడింది.

విశ్రాంతి రోజు తర్వాత 17వ స్టేజి, అంటే 17వ రోజు రేసు. చివర ఉన్న ఫ్వెంతె దే పెద్ద కొండేం కాదు. ఆ రోజు ఏదైనా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు, పురీతో టీమ్‌తో సహా. గమ్యం ఇంకా 50 కిలోమీటర్ల దూరం ఉండగా, లా ఓస్ అనే ఓ మామూలు ఎక్కుడు మీద లేచాడు కాంటడోర్. పిచ్చి పని. 50 కిలోమీటర్లు ముందే లేవడమంటే వన్డేలో పదో ఓవర్ నుంచే ప్రతి బంతినీ సిక్సు కొడతానని దిగడం లాంటిది. కానీ పిచ్చిలోనూ లెక్క ఉంది. తన టీమ్‌వాళ్లని ముందే బ్రేకవేలో, అంటే గుంపుని వదిలి ముందుకెళ్లిన జట్టులో, పంపించి ఉంచాడు. వాళ్లు ఆగి, ఇతన్ని అందుకుని లాగారు.

అక్కడే ఇంకో ముచ్చట ఉంది. ముందున్నవాళ్లలో పావొలో తిరాలోంగో అనే ఇటలీ రైడర్ ఉన్నాడు. వేరే టీమ్. ఒకప్పుడు కాంటడోర్‌కి సహాయకుడు. ఏడాది ముందు 2011 జిరోలో ఒక స్టేజి చివర కాంటడోర్ గెలిచే వీలుండి కూడా తగ్గి, ఆ పాత నేస్తానికి గెలుపు వదిలేశాడు. అతని జీవితంలో మొదటి పెద్ద గెలుపు అది. ఫ్వెంతె దే దారిలో తిరాలోంగో ఆ బాకీ వడ్డీతో తీర్చాడు. చాలాదూరం కలిసి తొక్కాడు.

ఇక చివరి కొండ మీద ఒంటరి. ముఖం చూడాలి మీరు, నోరు తెరుచుకుని, భుజాలు వాలిపోయి. డాన్సు లేదు గీన్సు లేదు. వెనక ఇంకో స్పెయిన్ రైడర్ వాల్వెర్దె తరుముకొస్తున్నాడు. గీత దగ్గర ఆరే ఆరు సెకన్లు మిగిలాయి. పురీతో రెండున్నర నిమిషాలకి పైగా పోగొట్టుకున్నాడు. రెండు వారాలు నాలుగేసి సెకన్లుగా దాచుకున్నదంతా ఒక్క మధ్యాహ్నంలో ఖర్చయిపోయింది. మొత్తం రేసు కాంటడోర్ 1 నిమిషం 16 సెకన్లతో గెలిచాడు, వాల్వెర్దె రెండు, పురీతో మూడు.

ఓడిపోయినా ఫర్వాలేదు, రెండో స్థానం కాపాడుకోవడం మాత్రం నా వల్ల కాదు అన్నట్టు తొక్కే మనిషి. జనానికి కావలసింది అదే తమ్ముడూ.

పంక్చర్‌షాపు
పురీతో సంగతి తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. అదే 2012లో జిరో కూడా 16 సెకన్లతో పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది ఆయన గ్రహాలు ఎవరైనా చూపించాల్సింది.

ఒప్పుకోను
ఫ్వెంతె దే నేనూ ఒప్పుకుంటా. (ఆశ్చర్యపోకండి, ఏడాదికి ఒకసారి ఒప్పుకుంటాను.) మరి 2010 టూర్ చైన్ సంగతి ఎవరూ ఎత్తరేం?

అద్దెసైకిల్
చైన్ సంగతి ఏంటన్నా?

ఒప్పుకోను
15వ స్టేజి, పైరెనీస్ కొండల్లో పోర్ దె బాలెస్. టూర్‌లో ముందున్నవాడి పసుపు జెర్సీ ఆండీ ష్లెక్ మీద ఉంది. అతను దాడికి లేచాడు, సరిగ్గా అప్పుడే చైన్ ఊడింది. దిగి, తిప్పి, పెట్టుకునేసరికి కాంటడోర్ ఆగకుండా పోయాడు. ఆ రోజు సంపాదించింది 39 సెకన్లు. పారిస్‌లో టూర్ గెలిచిన తేడా ఎంతో తెలుసా? అదే 39 సెకన్లు. పోడియం మీద జనం గోల చేసి వెక్కిరించారు. రాత్రికి వీడియో పెట్టి క్షమాపణ చెప్పాడు.

ఘాట్‌రోడ్డు
ఆ 39 కూడా నిలవలేదుగా, టైటిల్ ష్లెక్‌కే పోయింది. అయినా రేసు మంచి వేగంలో ఉన్నప్పుడు ఎదుటివాడి చైన్ ఊడితే ఆగాలని రూలేం లేదు. ఆగితే మర్యాద, అంతే. ష్లెక్ గేరు మార్చడంలో తొందరపడ్డాడని చెప్పినవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆయనకీ అనిపించే ఉంటుంది, లేకపోతే క్షమాపణ ఎందుకు.

తొంభైలవాడు
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. మీరంతా కాంటడోర్, కాంటడోర్ అంటున్నారు. ఇండురాయిన్‌ని చూసినవాళ్లం మాకు ఈ గోల వింతగా ఉంటుంది. 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదు టూర్లు. మధ్యలో 1992, 93లో జిరోలు కూడా. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) బంగారం. ఎప్పుడైనా నోరు పారేసుకున్నాడా? పిస్టల్ పేల్చాడా? నవర్రాలో పొలం పనిచేసుకునే ఇంటి పిల్లాడు, గెలిచినా ఓడినా ఒకటే ముఖం. 1996 టూర్ ఆయన గౌరవార్థం సొంత ఊరు విల్యావా మీదుగా పాంప్లోనాకి వచ్చింది. ఆ రోజు ఆయన ఎనిమిది నిమిషాలు వెనకబడి వచ్చాడు. అయినా జనం మొదటివాడికి కొట్టినట్టే చప్పట్లు కొట్టారు. ప్రేమంటే అది.

ఘాట్‌రోడ్డు
పెద్దాయనా, ఇండురాయిన్ గొప్పతనం ఎవరు కాదన్నారు? కానీ ఆయన టైమ్ ట్రయల్‌లో నిమిషాలు కొట్టేసి, కొండల మీద పక్కవాడిని అంటిపెట్టుకుని వచ్చేవాడు. అది పులి పడుకుని కాపలా కాయడం. ఇతను వేటకి పోతాడు. రెండూ పులులే, చూడబుద్ధేసేది మాత్రం రెండోదే.

తొంభైలవాడు
పులి పడుకుంటేనే అడవి భయపడేది, నాయనా. సరే, మీ తరం మీది.

లెక్కలసారు
మధ్యలో 2009 టూర్ వదిలేశారు. కాంటడోర్ ఉన్న టీమ్‌లోకే అమెరికా రైడర్ ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగొచ్చి కూర్చున్నాడు. సొంత టీమే రెండు ముక్కలు. ఒకే బస్సులో ఇద్దరు నాయకులు, మాటల్లేవు. వెర్బియే కొండ మీద కాంటడోర్ లేచిపోయాక ఆ చర్చ ముగిసింది. పారిస్‌లో ష్లెక్‌పై 4 నిమిషాల 11 సెకన్లు తేడా, ఆర్మ్‌స్ట్రాంగ్ మూడు. ఇంత కష్టపడి గెలిస్తే పోడియం దగ్గర పొరపాటున డెన్మార్క్ జాతీయ గీతం వేశారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ స్పెయిన్‌వాడూ టూర్ గెలవలేదు.

పంక్చర్‌షాపు
డెన్మార్క్ గీతమా!! పెళ్లిలో వేరేవాళ్ల బ్యాండు మేళం వచ్చినట్టు.

గెతాఫె_గోంగూర
కొండలూ సెకన్లూ మీరు చెప్పారు. ఒకటి మిగిలింది, ఇక్కడ ఆడవాళ్లకి ముందు గుర్తొచ్చేది అదే.

2004 మే, అస్తూరియాస్‌లో ఓ చిన్న రేసు. 21 ఏళ్లు. మొదటి రోజే సైకిల్ మీద నుంచి మూర్ఛ వచ్చి పడిపోయాడు. మెదడులో పుట్టుకతో ఉన్న రక్తనాళాల ముడి, కావెర్నోమా అంటారు, అది చిట్లింది. పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నప్పుడు చూస్తే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కుట్ల గీత కనిపిస్తుంది. ఆ ముందు ఏడాదే ప్రొఫెషనల్ అయ్యాడు, మళ్లీ సైకిలెక్కుతాడో లేదో తెలియని స్థితి. ఎనిమిది నెలలకి, 2005 జనవరిలో ఆస్ట్రేలియాలో టూర్ డౌన్ అండర్‌లో ఒక స్టేజి గెలిచాడు. ఇన్ని టూర్లు గెలిచాక కూడా తన గెలుపుల్లో పెద్దది అదేనని చెప్పుకుంటాడు. 'కెరేర్ ఎస్ పొదేర్' అని ఆయన ఊతపదం, మనసుంటే మార్గముంటుంది అన్నట్టు. ఆయన తమ్ముడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఆ ఇంట్లో కష్టం కొత్తదేం కాదు. తర్వాత పెట్టిన ఫౌండేషన్ పక్షవాతం మీద అవగాహన కోసం పనిచేస్తుంది, పాత సైకిళ్లు బాగుచేయించి లేనివాళ్లకి ఇస్తుంది, కుర్రాళ్ల టీమ్ కూడా నడిపింది.

ఒప్పుకోను
ఆ టీమ్ నుంచే ఎన్రిక్ మాస్ వచ్చాడు. తన వారసుడని కాంటడోరే చెప్పాడు. వుయెల్టాలో మూడుసార్లు రెండో స్థానం: 2018, 2021, 2022. మంచి రైడర్. అయినా బార్‌లో లేచి నిలబడి చూడాలనిపించదు. ... అరె, నేనే మీ వాదన చేస్తున్నానేంటి!

ఘాట్‌రోడ్డు
😄 స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

అద్దెసైకిల్
ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. మరి నేను చూసిన 2017 అంగ్లిరు సంగతి?

ఘాట్‌రోడ్డు
ఆ కొండ గురించి ముందు. పన్నెండున్నర కిలోమీటర్లు, సగటున పది శాతం వాలు. కానీ సగటు మోసం చేస్తుంది. పైన 'కుఎన్యా లెస్ కాబ్రెస్' అనే చోట 23 శాతం దాటుతుంది. మేకల దారి అని ఆ పేరు. హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కి నేను రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను, అంగ్లిరు ముందు అది ఫ్లైఓవర్. 2008లో అక్కడ గెలిచే వుయెల్టా చేతిలోకి తెచ్చుకున్నాడు.

2017లో వుయెల్టాకి ముందే రిటైర్‌మెంట్ ప్రకటించాడు. మూడో రోజు అండోరాలో కడుపు పాడై రెండున్నర నిమిషాలు పోయాయి. గెలుపు ఆశ అక్కడే ఆవిరి. ఆ తర్వాత ఇక ప్రతి రోజూ దాడే. వాళ్లు పట్టుకోవడం, మళ్లీ ఇతను లేవడం. చివరి నుంచి రెండో రోజు అంగ్లిరు. తడిసిన దిగుడులో తెగించి దిగి, కింద నుంచే వెళ్లిపోయాడు. కొంతసేపు ముందు లాగింది ఎవరో తెలుసా? ఆ ఎన్రిక్ మాసే, వేరే టీమ్‌లో ఉండి కూడా. వెనక నుంచి ఫ్రూమ్, అతని టీమ్‌వాడు పూల్స్ తరిమారు, అందుకోలేకపోయారు. పోడియంకి, అంటే మొదటి ముగ్గురిలోకి, అరనిమిషం కూడా దూరం లేదు, అదీ తప్పింది.

లెక్కలసారు
అండోరాలో పోయిన రెండున్నర నిమిషాలు వెనక్కిస్తే రెండో స్థానం. కడుపు లెక్క ఇది.

గెతాఫె_గోంగూర
మర్నాడు మాడ్రిడ్‌లో నేనున్నాను. సిబెలెస్ ఫౌంటెన్ దగ్గర రెండు గంటల ముందే వెళ్లి నిలబడ్డాం. కింది ఇంటి పెద్దాయన మడత కుర్చీ తెచ్చుకున్నాడు, ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు. ఫ్రూమ్ ఎర్ర జెర్సీ ఎవరూ చూడట్లేదు. ఊళ్లోకి రాగానే మిగతా రైడర్లు వేగం తగ్గించి ఆయన్ని ముందుకి వదిలారు. రోడ్డంతా ఖాళీ, ఒక్కడే. అప్పుడు ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, సైకిల్ అంత వేగంగా పోతుంది, ఒక క్షణం కనపడతాడు అంతే. జనం 'ఉనా మాస్, ఉనా మాస్' అంటున్నారు, ఇంకొక్కటి అని. ఇంకో ఏడాదో, ఇంకో రేసో.

ఇక్కడ రోడ్డు పక్కన నిలబడి రైడర్‌ని 'వెంగా, వెంగా' అని అరుస్తారు, పద పద అని. పలకడం మాత్రం 'బెంగా' అంటారు. పెద్దాయన నా పక్కన గొంతు పోయేలా 'బెంగా ఆల్బెర్టో, బెంగా!' అంటున్నాడు. నాకు మన బెంగే వినపడింది.

అద్దెసైకిల్
అక్కా...

సరే, ఫ్వెంతె దే పూర్తి స్టేజి వీడియో ఎక్కడైనా దొరుకుతుందా? హైలైట్లు వద్దు, మొత్తం కావాలి.

ఘాట్‌రోడ్డు
ఉంది, మెసేజ్ పెట్టా. చివరి రెండు గంటలు చాలు. మొదటి గంటలో కామెంటేటర్లు కూడా ఆవలిస్తుంటారు.

పంక్చర్‌షాపు
పురీతో అభిమానులెవరైనా ఉంటే చెప్పండి, వేరే థ్రెడ్ పెడతా. టిష్యూలు నావి.